రాగి దీవి విడిపోతే ఖజానా నిండుతుందా?

బూగెన్‌విల్ స్వాతంత్ర్యం - పాంగునా గని లెక్క - వర్తకులు గమనించవలసినవి

రాగి బజారులో అప్పుడప్పుడు పాంగునా పేరు వినబడుతుంది. గని తెరుస్తున్నారని, కొత్త సరుకు రాబోతోందని వదంతి లేస్తుంది. నాలుగు రోజులు ఆ మాట నడిచి చల్లబడుతుంది. ఆ గని 1989 మే 15న మూతబడింది. ఆనాటి నుండి అక్కడినుంచి ఒక్క ఓడ కూడా రాగి ఖనిజంతో బయలుదేరలేదు.

గని ఉన్నది దక్షిణ పసిఫిక్‌లోని బూగెన్‌విల్ దీవిలో. ఆ దీవి పపువా న్యూగినీ దేశంలో భాగం. జనాభా సుమారు 3 లక్షలు. 2019లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అక్కడివారు విడిపోవడానికే ఓటు వేశారు. 2027 సెప్టెంబరు 1న స్వాతంత్ర్యం పొందాలన్నది తమ లక్ష్యమని దీవి నాయకులు 2025 మార్చిలో ప్రకటించారు. దీనితో వదంతులకు మరింత బలం చేకూరింది. స్వాతంత్ర్యం వస్తే గని తెరుచుకుంటుందని, గని తెరుచుకుంటే కొత్త దేశం తన కాళ్ళపై తాను నిలబడుతుందని ఒక వాదం. గని లేకపోతే ఆ దీవికి గతి లేదు, కాబట్టి విడిపోకూడదని మరొక వాదం.

ఈ రెండు వాదాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. దీవి విడిపోవాలా వద్దా అన్నది ఒక పద్దు. పాంగునా రాగి బజారుకు వస్తుందా రాదా అన్నది మరొక పద్దు. రెండింటినీ ఒకే చిఠ్ఠాలో రాస్తే రెండు లెక్కలూ తప్పుతాయి.

గని ఇచ్చినదెంత?

పాంగునా గనిని బూగెన్‌విల్ కాపర్ లిమిటెడ్ అనే సంస్థ నడిపింది. దానిలో అధిక వాటా ఆస్ట్రేలియాకు చెందిన కాన్‌జింక్ రియోటింటో సంస్థది. పరిపాలన ఆస్ట్రేలియా చేతిలో ఉన్న 1967లోనే ఒప్పందం కుదిరింది. 1972లో ఉత్పత్తి మొదలైంది. ఖనిజాన్ని నూరి, నీటితో కలిపి, గొట్టం ద్వారా లోలోహో రేవుకు పంపేవారు. అక్కడ ఆరబెట్టి ఓడలకెత్తేవారు.

పదిహేడేళ్ళలో ఆ గని నుండి వెళ్ళిన సరుకులో 30 లక్షల టన్నుల రాగి, 306 టన్నుల బంగారం, 784 టన్నుల వెండి ఉన్నాయి. ఏటికి సగటున లక్షా డెబ్బై అయిదు వేల టన్నుల రాగి. ప్రపంచ గనుల ఉత్పత్తిలో ఇది సుమారు 2 శాతం. మొత్తం సరుకు విలువ 520 కోట్ల కినాలు. ఆ కాలంలో పపువా న్యూగినీ ఎగుమతుల విలువలో 44 శాతం ఈ ఒక్క గనిదే. ప్రభుత్వం దేశంలో స్వయంగా సమకూర్చుకున్న రాబడిలో 17 శాతం కూడా ఇక్కడి నుండే వచ్చింది. 1975లో స్వాతంత్ర్యం పొందిన ఒక చిన్న దేశం ఈ గనిని ఎందుకు వదులుకోలేకపోయిందో ఈ అంకెలే చెబుతాయి.

పంపకం ఎలా జరిగింది?

అసలు తగాదా ఇక్కడ ఉన్నది. గని ద్వారా వివిధ పక్షాలకు అందిన సొమ్ము మొత్తం 175.4 కోట్ల కినాలు. అందులో జాతీయ ప్రభుత్వానికి పన్నులు, సుంకాలు, లాభాంశాల రూపంలో 107.8 కోట్లు చేరాయి. ప్రభుత్వేతర వాటాదారులకు 57.7 కోట్లు వెళ్ళాయి. దీవిలోని రాష్ట్ర ప్రభుత్వానికి 7.5 కోట్లు వచ్చాయి. భూమి యజమానులకు దక్కింది 2.4 కోట్లు.

శాతాలలో చెప్పుకుంటే కేంద్రానికి దాదాపు 62, బయటి వాటాదారులకు 33, రాష్ట్రానికి 4, భూమి గలవారికి ఒకటిన్నరకు లోపు. రాయల్టీ సరుకు విలువలో 1.25 శాతం మాత్రమే. అందులోనూ 95 పాళ్ళు రాష్ట్ర ప్రభుత్వానికి, 5 పాళ్ళు భూమి యజమానులకు. నూరు రూపాయల సరుకు తమ నేల నుండి వెళితే రాయల్టీగా ఆరు పైసలు చేతికి వచ్చినట్లు. 1974లో కొత్త ప్రభుత్వం ఒప్పందాన్ని తిరగరాయించి, నిర్ణీత లాభానికి మించిన దానిపై 70 శాతం పన్ను వేసింది. దానితో కేంద్ర ఖజానా బాగుపడింది. దీవి వాటా మాత్రం పెద్దగా మారలేదు.

ఇక ఖర్చు పక్క చూస్తే, నూరిన రాతి వ్యర్థం కవెరోంగ్, జాబా నదులలోకి వదిలారు. గని వ్యర్థం మొత్తం 100 కోట్ల టన్నులకు పైమాటే. చేపలు పోయాయి, తోటలు మునిగాయి, నదీ గర్భం ఎత్తు పెరిగింది. లాభం పోర్ట్ మోర్స్‌బీకి, మెల్బోర్న్‌కు వెళ్ళింది. తరుగు మాత్రం దీవి ఖాతాలో పడింది. అక్కడ చాలా తెగలలో భూమి తల్లి నుండి కుమార్తెకు సంక్రమిస్తుంది. 1969లో రొరొవానా గ్రామంలో సర్వే రాళ్ళు నాటడానికి వచ్చినవారికి స్త్రీలే అడ్డం నిలిచారు. వారి సమ్మతి లేకుండా మొదలైన వ్యాపారం చివరివరకూ ఆ లోటును పూడ్చుకోలేకపోయింది.

విడిపోవాలన్న కోరిక గని కంటే తరువాతది కాదు. దీవి భౌగోళికంగా సాలమన్ ద్వీపమాలలోనిది. వలస ప్రభుత్వాల సరిహద్దు గీతల మూలంగా న్యూగినీ వైపు చేరింది. పపువా న్యూగినీ స్వాతంత్ర్యానికి పదిహేను రోజుల ముందే, 1975 సెప్టెంబరు 1న, ఉత్తర సాలమన్ రిపబ్లిక్ పేరుతో బూగెన్‌విల్ నాయకులు ప్రత్యేక దేశాన్ని ప్రకటించారు. ఏ దేశమూ గుర్తించలేదు. 1976లో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటుతో రాజీ కుదిరింది. నేడు 2027కు కూడా అదే తేదీని ఎంచుకోవడం గమనార్హం.

యుద్ధం, దిగ్బంధం

1988లో భూమి యజమానులలో కొత్త తరం ముందుకు వచ్చింది. దాని నాయకుడు ఫ్రాన్సిస్ ఓనా అదే గనిలో పనిచేసినవాడు. ఆయన 1,000 కోట్ల కినాల నష్టపరిహారం కోరారు. పదిహేడేళ్ళ మొత్తం సరుకు విలువ 520 కోట్లు. అడిగిన పరిహారం దానికి దాదాపు రెట్టింపు. బేరంలో ఇటువంటి అంకె వచ్చిందంటే అది ధర చెప్పడం కాదు, అమ్మకం ఇష్టం లేదని చెప్పడమే. కంపెనీ గాని, ప్రభుత్వం గాని ఆ సంగతిని సకాలంలో గ్రహించలేదు. ఆ ఏడాది నవంబరులో పేలుళ్ళు మొదలయ్యాయి. విద్యుత్ స్తంభాలు కూలాయి. ఆరు నెలలలో గని ఆగింది.

తరువాత జరిగినది గని తగాదా కాదు, యుద్ధం. 1990లో పపువా న్యూగినీ సేనలు వెనుకకు తగ్గి, దీవిని దిగ్బంధం చేశాయి. మందులు, డీజిలు, సబ్బు, ఉప్పు రాలేదు. దీవివాసులు కొబ్బరినూనెతో మోటార్లు నడిపారు. పొట్లాటలోను, వైద్యం లేకను చనిపోయినవారు 15 వేల నుండి 20 వేల వరకు ఉంటారని అంచనా. అంత చిన్న జనాభాలో ఈ సంఖ్య తాకని కుటుంబం అరుదు. 1997లో ప్రభుత్వం బయటి దేశాల నుండి కిరాయి సైనికులను రప్పించబోయి, సొంత సైన్యమే ఎదురు తిరగడంతో విరమించుకుంది. 1998లో కాల్పులు ఆగాయి. 2001 ఆగస్టు 30న అరావాలో శాంతి ఒప్పందం జరిగింది. 2005లో స్వయంపాలిత ప్రభుత్వం ఏర్పడింది.

ఓటు ఇచ్చిన తీర్పు

ఒప్పందం ప్రకారం 2019 నవంబరు 23 నుండి డిసెంబరు 7 వరకు పోలింగ్ జరిగింది. స్వాతంత్ర్యానికి 1,76,928 ఓట్లు వచ్చాయి. మరింత స్వయంపాలన చాలునన్నవారు 3,043 మంది. దాదాపు 98 శాతం ఒకే వైపు. ఇంతకు మించిన స్పష్టత మరెక్కడా రాదు.

అయితే ఆ ఓటు తనంతట తాను అమలయ్యేది కాదు. ఉభయ ప్రభుత్వాలు సంప్రదించుకోవాలని, తుది నిర్ణయం పపువా న్యూగినీ పార్లమెంటుదేనని శాంతి ఒప్పందంలో ఉన్నది. అక్కడే వ్యవహారం నలుగుతోంది. 2022లో కుదిరిన అవగాహనలో 2025కు ముందు గాక, 2027 దాటకుండా పరిష్కారం అన్నారు. 2025 జూన్‌లో న్యూజిలాండ్‌లో మరొక ఒప్పందం చేసుకున్నారు. పార్లమెంటులో ఎంత మెజారిటీ కావాలన్న దానిపైనే ఏళ్ళు గడిచాయి. పోర్ట్ మోర్స్‌బీ వైఖరి పాము చావకుండా, కర్ర విరగకుండా అన్నట్లు సాగింది.

కేంద్రానికి ఉన్న భయం రాగి పోతుందని కాదు. పాంగునా లేకుండా ఆ దేశం ముప్పై అయిదేళ్ళకు పైగా గడిపింది. ఓక్ టెడీ, లిహిర్, పొర్గెరా గనులు, 2014 నుండి సహజవాయువు ఎగుమతులు ఆ లోటును ఎన్నడో పూడ్చాయి. ఒక రాష్ట్రం వెళితే మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పడతాయన్నది వారి దిగులు. న్యూ ఐర్లండ్, తూర్పు న్యూ బ్రిటన్ రాష్ట్రాలు ఇప్పటికే ఎక్కువ అధికారాలు కోరుతున్నాయి.

భూమిలో ఉన్న ధనం

ఇక రెండవ పద్దుకు వద్దాం. 2012లో వేసిన అంచనా ప్రకారం పాంగునాలో ఇంకా 184 కోట్ల టన్నుల ఖనిజం ఉన్నది. అందులో 53 లక్షల టన్నుల రాగి, ఒక కోటీ 93 లక్షల ఔన్సుల బంగారం ఉన్నాయంటారు. లెక్క కోసం రాగి టన్నుకు 9,000 డాలర్లు, బంగారం ఔన్సుకు 2,000 డాలర్లు అనుకుందాం. రాగి విలువ 4,770 కోట్ల డాలర్లు, బంగారం 3,860 కోట్ల డాలర్లు. కలిపి 8,630 కోట్లు. జనాభా 3 లక్షలతో భాగిస్తే తలకు 2 లక్షల 87 వేల డాలర్లు. ధర ఇంకా పెంచి లెక్క వేస్తే అంకె ఇంకా పెరుగుతుంది.

ఇది వినడానికి ఇంపైన అంకె. వర్తకం తెలిసినవారెవ్వరూ దీని మీద అప్పు ఇవ్వరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లుంటుంది.

మొదటిది, ఖనిజంలో రాగి పాలు 0.3 శాతం లోపు. వెయ్యి కిలోల రాయి నూరితే మూడు కిలోలు కూడా రాదు. మిగిలిన రాయిని ఈసారి నదిలో పోయనిస్తారని ఎవరూ అనుకోవడం లేదు. రెండవది, పాత గనిలో పనికివచ్చే యంత్రం లేదు. మిల్లు, రేవు, విద్యుత్ కేంద్రం తుప్పు పట్టాయి. విలువైన ఇనుము, రాగి తీగ పాత సామాను వ్యాపారుల ద్వారా ఏనాడో దీవి దాటింది. కొత్తగా కట్టడానికి 500 కోట్ల డాలర్ల స్థాయిలో పెట్టుబడి కావాలని 2012 నాటి అంచనా. నేటి ధరలకు అది తగ్గదు. మూడవది, కాలం. పరిశీలన, అనుమతులు, నిర్మాణం కలిపి ఏడెనిమిదేళ్ళకు తక్కువ పట్టదు.

ఏటికి లక్షన్నర టన్నుల రాగి వచ్చి, టన్ను 9,000 డాలర్ల వంతున అమ్మితే 135 కోట్ల డాలర్లు. 500 కోట్ల అప్పుకు నూటికి పది వడ్డీ చొప్పున ఏటికి 50 కోట్లు వడ్డీకే పోతుంది. కూలి, విద్యుత్తు, రవాణా, కరిగింపు ఛార్జీలు, వ్యర్థం నిల్వ ఖర్చు, అసలు తీరుపు అన్నీ పోను మిగిలినదే పన్నుకు వస్తుంది. బంగారం తోడైతే లెక్క కాస్త మెరుగే. అయినా మొదటి పన్ను రూపాయి కొత్త దేశపు ఖజానాలో పడేది స్వాతంత్ర్యం తరువాత పదేళ్ళకు. గని కట్టే కాలమంతా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

హక్కు దస్తావేజు ఎవరి పేర?

వ్యాపారంలో సరుకు నాణ్యం తరువాత అడిగేది హక్కు గురించే. పాంగునా విషయంలో ఈ ప్రశ్న మూడు అంచెలుగా ఉన్నది.

కంపెనీ వాటాలు ఒక అంచె. రియో టింటో 2016లో తన 53.8 శాతం వాటాను ఉచితంగా వదిలిపెట్టింది. 36.4 శాతం స్వయంపాలిత ప్రభుత్వానికి, 17.4 శాతం పపువా న్యూగినీకి ఇచ్చింది. అప్పటికే కేంద్రానికి ఉన్న 19 శాతంతో కలిపితే ఉభయులూ సమానమయ్యారు. తరువాతి సంవత్సరాలలో కేంద్రం తన వాటాను కూడా దీవికి బదిలీ చేసింది. ఈ అంచె ఇప్పుడు చాలావరకు తేలింది.

లైసెన్సు రెండవ అంచె. 2018లో స్వయంపాలిత ప్రభుత్వం లైసెన్సు పొడిగింపును నిరాకరించింది. భూమి యజమానులు రెండుగా చీలడమే కారణం. వ్యాజ్యం నడిచింది. చివరకు 2024లో అయిదేళ్ళకు పునరుద్ధరించారు. అది అన్వేషణకు ఇచ్చిన అనుమతి మాత్రమే. తవ్వకానికి కాదు. వదంతులు లేచినప్పుడల్లా ఈ తేడా మరుగున పడుతోంది.

మూడవ అంచె భూమి. 2015లో దీవి ప్రభుత్వం చేసిన గనుల చట్టం ఖనిజం మీద హక్కును సంప్రదాయ భూ యజమానులకే ఇచ్చింది. అన్వేషణ దశలోనే వారు వద్దనవచ్చు. దీనిని అడ్డంకిగా చెప్పేవారున్నారు. కాని 1967లో సమ్మతి తీసుకోని ఒప్పందం పదిహేడేళ్ళు సరుకు ఇచ్చి, శాశ్వతంగా ఆగింది. సమ్మతితో ఆలస్యంగా మొదలయ్యే గని కంటే అది లాభసాటి అని ఇప్పుడెవరు అనగలరు?

వీటికి తోడు పాత బాకీ ఒకటి ఉన్నది. నదులను, కూలబోయే కట్టడాలను పరిశీలించిన నివేదిక 2024 డిసెంబరులో వెలువడింది. ప్రాణాపాయం కలిగించే ప్రమాదాలు ఉన్నాయని అది తేల్చింది. పరిశీలన ఫలితాలను రియో టింటో అంగీకరించింది. ఆ నష్టాన్ని పూర్తిగా ఎవరు, ఎంత, ఎప్పటికి భరిస్తారన్నది తేలకుండా కొత్త పెట్టుబడిదారు ఎవరైనా ముందు అడిగేది ఈ బాకీ తన మెడకు చుట్టుకుంటుందా అనే.

మరికొన్ని దేశాల అనుభవం

గనులున్న ప్రాంతం విడిపోయిన, విడిపోబోయిన ఉదాహరణలు బజారుకు కొత్త కాదు. 1960 జూలై 11న కాంగో నుండి కటాంగా విడిపోయినట్లు ప్రకటించింది. అప్పుడు రాగి గనులు నిండుగా పనిచేస్తున్నాయి. బెల్జియన్ కంపెనీ పన్నులు కొత్త ప్రభుత్వానికే కట్టింది. ఖజానాలో సొమ్ము ఉన్నది, గుర్తింపు లేదు. 1963 జనవరికల్లా కథ ముగిసింది.

2011 జూలై 9న దక్షిణ సూడాన్ చట్టబద్ధంగానే స్వతంత్ర దేశమైంది. పాత దేశపు చమురులో మూడు వంతులు దానికే వచ్చింది. కాని గొట్టపు మార్గం, రేవు సూడాన్‌లో ఉండిపోయాయి. రవాణా ఛార్జీ మీద తగాదాతో 2012 జనవరిలో ఉత్పత్తి ఆపివేశారు. 2013 ఏప్రిల్ వరకు తిరిగి మొదలు కాలేదు. తూర్పు తిమోర్ అనుభవం వేరు. 2002లో స్వతంత్రమై, సముద్రపు చమురు, వాయువుల రాబడిని 2005లో పెట్టిన ఒక నిధిలో దాచింది. క్షేత్రం ఎండిపోయిన తరువాత కూడా ఆ నిధే ఆ దేశాన్ని నడిపిస్తోంది.

ఈ మూడింటితో పోల్చితే బూగెన్‌విల్‌కు అనుకూలమైనవి రెండున్నాయి. రేవు సొంతం, గొట్టపు మార్గం మీద పరాయివాని పెత్తనం లేదు. ఓటు ఒప్పందం ప్రకారం జరిగింది గనుక గుర్తింపుకు దారి ఉన్నది. ప్రతికూలమైనది ఒక్కటే, అది పెద్దది. తక్కిన ముగ్గురికీ విడిపోయేనాటికి సరుకు చేతికి వస్తోంది లేదా రాబోతోంది. దీనికి రావడం లేదు.

ఇప్పుడు నడిచే సరుకు కోకో

దీవిలో నేడు కుటుంబాలకు రొక్కం ఇచ్చేది కోకో, కొబ్బరి, నదులలో చేతితో కడిగే బంగారం. గోదావరి జిల్లాలలో మాదిరిగానే అక్కడా కోకో కొబ్బరిచెట్ల నీడన పెరుగుతుంది. చిన్న రైతులదే సాగు. గింజలు పులియబెట్టి, ఆరబెట్టి, ఓడకెత్తుతారు. ధర నిర్ణయం లండన్‌లోను, న్యూయార్క్‌లోను. 2024 డిసెంబరులో న్యూయార్క్ కోకో టన్ను 12 వేల డాలర్లు దాటి, 2025లో బాగా పడిపోయింది. ఆ పతనానికి 2025లో ఏలూరు ప్రాంత రైతులు గిట్టుబాటు ధర కోసం ఆందోళనకు దిగవలసి వచ్చింది. బూగెన్‌విల్ రైతు కూడా అదే ధరకు కట్టుబడినవాడే.

కోకో గొప్ప పన్నులిచ్చే సరుకు కాదు. కాని యుద్ధం తరువాత ఎవరి పెట్టుబడి కోసమూ ఎదురు చూడకుండా తిరిగి నిలబడింది. దాని యజమాని ఎవరో అందరికీ తెలుసు. చేపల వేట లైసెన్సుల రాబడి కూడా కొంత వస్తుంది. అయితే దీవి ప్రభుత్వ బడ్జెట్‌లో స్థానిక వసూళ్ళు కొద్ది పాలే. ఎక్కువ భాగం కేంద్రం ఇచ్చే గ్రాంట్లే. విడిపోయిన మర్నాడు ఉపాధ్యాయుని జీతం, ఆసుపత్రి మందు ఎక్కడి నుండి వస్తాయన్నది తేలకుండా ఉన్న అసలు ప్రశ్న ఇదే.

విడిపోవాలా?

విడిపోవడానికి దీవివాసులు చూపే కారణం రాగి ధర కాదు. 20 వేల ప్రాణాలు పోయిన చోట, దాదాపు 98 శాతం ఓటు పడిన తరువాత, మీకు ఆదాయం చాలదు గనుక వద్దు అనడం వర్తక న్యాయం కూడా కాదు. భాగస్వామి విడిపోతానన్నప్పుడు ముందు పాత ఖాతా తేల్చాలి. పదిహేడేళ్ళలో వంద పాళ్ళకు అరవై రెండు తీసుకున్న పెద్ద భాగస్వామి, ఇప్పుడు నీ దగ్గర పెట్టుబడి లేదు కదా అనడం ఎంత మాత్రం న్యాయం?

అదే సమయంలో, విడిపోయేవారు కూడా పాంగునాను జమ పద్దులో ముందే రాసుకోరాదు. రొక్కం అవసరమై అమ్మేవాడి సరుకుకు ధర ఎప్పుడూ తక్కువే పలుకుతుంది. 2027 కోసమో, ఆ మరుసటి సంవత్సరం బడ్జెట్ కోసమో గనిని తొందరపడి ఎవరికైనా అప్పగిస్తే 1967 నాటి ఒప్పందమే మరొక పేరుతో తిరిగి వస్తుంది. బజానా పుచ్చుకున్న మర్నాడు నుండి బేరమాడే శక్తి పోతుంది.

కాబట్టి క్రమం మారాలి. ముందు స్వాతంత్ర్య నిర్ణయం, దానితోపాటు పదేళ్ళ వరకు తగ్గుతూ పోయే గ్రాంటు ఒప్పందం, కస్టమ్సు, చేపల హక్కుల పంపకం తేలాలి. ఆ తరువాత నదుల బాకీ. గని చివరిది. గని లేకుండా పదేళ్ళు గడపగల ఏర్పాటు ఉన్న దేశమే గనికి మంచి ధర రాబట్టగలదు. ఆ ఏర్పాటు కుదిరితే విడిపోవడం నష్టం కాదు. అది లేకుండా, రాగి మీద ఆశతో విడిపోతే మాత్రం జెండా మారుతుంది, పంపకం మారదు.

మన బజారుకు

మన దేశంలోని రాగి కర్మాగారాలు ప్రధానంగా దిగుమతి ఖనిజం మీదే నడుస్తాయి. 2018లో తూత్తుకుడి కర్మాగారం మూతబడిన తరువాత శుద్ధి చేసిన రాగి కూడా నికరంగా దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ప్రపంచంలో గని సరుకు కొరత ఎంత ఉన్నదో కరిగింపు ఛార్జీలే చెబుతాయి. వార్షిక ఒప్పందాలకు ప్రమాణంగా తీసుకునే ఛార్జీ 2024లో టన్నుకు 80 డాలర్లు ఉండగా 2025కు 21 డాలర్ల 25 సెంట్లకు పడిపోయింది. ఇటువంటి సమయంలో పాంగునా వంటి పేరు వినబడితే ఆశ కలగడం సహజం.

అయినా సరఫరా అంచనాలలో ఈ దశాబ్దానికి పాంగునాను సున్నాగానే ఉంచుకోవడం మంచిది. వదంతి వచ్చినప్పుడు నాలుగు సంగతులు విచారించాలి. తవ్వకానికి అనుమతి వచ్చిందా, లేక అన్వేషణకేనా? భూమి గల తెగలన్నీ సంతకం చేశాయా, లేక కొందరేనా? పాత వ్యర్థం బాకీ ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తేలిందా? పెట్టుబడి పెట్టేవారు సొమ్ము దించారా, లేక మాట మాత్రమే ఇచ్చారా? నాలుగింటికీ అవునన్న జవాబు వచ్చిన రోజు నుండి కూడా మొదటి ఓడకు ఇంకా కొన్నేళ్ళు పడుతుంది.

ఈలోగా ఆ దీవి గురించి వచ్చే వార్తలలో బజారు నిజంగా గమనించవలసినది పోర్ట్ మోర్స్‌బీ పార్లమెంటు తీర్మానాన్ని, గ్రాంటు ఒప్పందపు షరతులను. గని భవిష్యత్తు ఆ కాగితాలలోనే ఉన్నది. అవి సవ్యంగా కుదిరితే ఎప్పటికో ఒకనాటికి రాగి వస్తుంది. కుదరకపోతే 53 లక్షల టన్నులూ ఉన్నచోటనే ఉంటాయి.